కిడ్నీ పేషెంటు మోషన్ మందు అడిగితే షాపులో ఏది ఇవ్వొచ్చు, ఏది ఇవ్వకూడదు?

మందులచీటీ (ప్రశ్న)

ఉద్దానం వైపు మెడికల్ షాపులో ఫార్మసిస్టుని. ఇక్కడ కిడ్నీ చీటీ రాని రోజు ఉండదు. ఫ్యూరోసెమైడ్, సోడియం బైకార్బొనేట్, క్యాల్షియం ఎసిటేట్, ఐరన్ మాత్ర, పొటాషియం ఎక్కువున్నవాళ్లకి క్యాల్షియం పాలీస్టైరీన్ పొడి పొట్లాలు, చీటీ ఇంచుమించు ఇలాగే ఉంటుంది. మందులన్నీ కవర్లో వేసి ఇచ్చాక చివర్లో గొంతు తగ్గించి అడుగుతారు: "నాలుగు రోజులైంది బాబూ, బయటికి అవ్వలేదు, ఏదైనా మందియ్యి." చీటీలో దానికి మందు రాసి ఉండదు, డాక్టరుకి చెప్పడానికి వాళ్లకి మొహమాటం.

ఎక్కువమంది పేరు పెట్టి అడిగేది క్రెమాఫిన్. కొందరు ఇసబ్‌గోల్, కొందరు బేది ఉప్పు, పెద్దవాళ్లయితే సునాముఖి ఆకు. ఎనీమా ప్యాకెట్ అడిగేవాళ్లూ ఉన్నారు.

మెగ్నీషియం ఉన్నవి వద్దని చదువుకున్నాం. ఏ స్థాయి కిడ్నీ జబ్బు నుంచి వద్దు? ఒక్క డోసుకి కూడా ప్రమాదమేనా? వాటి బదులు ఏది, ఎన్ని మి.లీ., ఎన్నాళ్లు ఇవ్వొచ్చు? రోజుకి లీటరు నీళ్లే తాగమన్న మనిషికి ఇసబ్‌గోల్ ఇవ్వడం సబబేనా? నెఫ్రాలజీ, డయాలసిస్ తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరు.

---

వడపోత (నెఫ్రాలజీ)

మంచి ప్రశ్న. ముందు ఒక మాట: కిడ్నీ పేషెంటుకి మలబద్ధకం చిన్న ఇబ్బంది కాదు, "అదే సర్దుకుంటుంది" అని పంపేయకండి. మామూలు మనిషి తిన్న పొటాషియంలో 90 శాతం దాకా మూత్రంలో పోతుంది, మలంలో పోయేది 5 నుంచి 10 శాతమే. కిడ్నీలు బాగా దెబ్బతిన్నాక పెద్దపేగు ఆ పని కొంత నెత్తినేసుకుంటుంది. అప్పుడు మలంలో పోయే వాటా 25 శాతం, కొందరిలో ఇంకా పైకి పోతుంది. అలాంటి మనిషికి నాలుగు రోజులు మోషన్ లేదంటే పొటాషియం బయటికి పోయే దారి మూసుకున్నట్టే. కాబట్టి మందు ఇవ్వాలి, సరైనది ఇవ్వాలి.

ఇక మెగ్నీషియం. లోపలికి వెళ్లిన మెగ్నీషియం బయటికి పోయేది కిడ్నీ ద్వారానే. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా 5 మి.లీ.లో 400 మి.గ్రా. మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంటుంది. 30 మి.లీ. తాగితే 2,400 మి.గ్రా., అందులో అసలు మెగ్నీషియం సుమారు 1,000 మి.గ్రా. రోజంతా తిండిలో వచ్చేది 300, 400 మి.గ్రా. దగ్గర ఉంటుంది. అంటే ఒక్క రాత్రి డోసులో రెండు మూడు రోజుల తిండికి సరిపడా పడింది. అంతా ఒంటికి పట్టదు, కొంత భాగమే పడుతుంది, నిజమే. కానీ మందు పనిచేయకపోతే? మలం కదలకుండా పేగులోనే ఉన్నకొద్దీ మెగ్నీషియం కూడా అక్కడే కూర్చుని ఇంకా ఎక్కువ లోపలికి ఇంకుతుంది. మనిషేమో "పని చేయలేదు" అని ఇంకో రెండు మూతలు తాగుతాడు. ప్రాణం మీదికి వచ్చేది ఎక్కువగా ఇక్కడే. పనిచేయని మెగ్నీషియం మందు మీద మళ్లీ మెగ్నీషియం పోయడం.

రక్తంలో మెగ్నీషియం మామూలుగా డెసిలీటరుకి 1.7 నుంచి 2.4 మి.గ్రా. దగ్గర ఉంటుంది. 5 దాటాక వికారం, మత్తు, కండరాల నీరసం మొదలవుతాయి, మోకాలి మీద తడితే కాలు ఎగరదు. ఇంకా పెరిగితే బీపీ పడిపోతుంది, నాడి నెమ్మదిస్తుంది. 12 దాటితే ఊపిరి తీసే కండరాలు ఆగిపోవచ్చు, గుండె ఆగొచ్చు. ఇంట్లోవాళ్లు "యూరియా పెరిగి మగతగా ఉన్నాడు" అనుకుంటారు. ఆర్‌ఎఫ్‌టీ (మామూలు కిడ్నీ రక్తపరీక్ష) రిపోర్టులో మెగ్నీషియం ఉండదు, విడిగా రాస్తేనే చేస్తారు. అందుకే చాలాసార్లు ఎవరికీ తట్టదు. మలబద్ధకం మందు తాగిన కిడ్నీ పేషెంటు మత్తుగా ఉంటే సీరం మెగ్నీషియం అడిగి చేయించండి. దీనికి వైద్యం ఉంది: మందు ఆపడం, గుండెకి రక్షణగా సిరలో క్యాల్షియం గ్లూకోనేట్, అవసరమైతే డయాలసిస్.

ఏ స్థాయి నుంచి అంటే, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత ఎంత మిగిలిందో చెప్పే అంకె) 30 లోపు ఉంటే పూర్తిగా వద్దు, డయాలసిస్ మీద ఉంటే అసలే వద్దు. 30 నుంచి 60 మధ్య డాక్టరు చెబితే తప్ప వద్దు, రోజూ అసలు వద్దు. 30 లోపు "ఒక్క డోసే కదా" అని కూడా ఇవ్వకండి. ఒక్క డోసుతో అందరూ పడిపోరు. కానీ వేరే మంచి మందులు అరలోనే ఉన్నప్పుడు ఆ రిస్కు ఎందుకు?

క్రియాటినిన్ అంకె ఒక్కటే చూసి మోసపోకండి. 75 ఏళ్లు, 45 కిలోలు ఉన్న పెద్దావిడకి క్రియాటినిన్ 1.6 అని రిపోర్టు వస్తుంది. "కొంచెమేగా ఎక్కువ" అనిపిస్తుంది. కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్క వేయండి: 140 లోంచి వయసు తీసేస్తే 65, దాన్ని బరువు 45తో గుణించి, ఆడవాళ్లకి 0.85తో గుణించి, 72 ఇంటూ 1.6తో భాగిస్తే 22 దగ్గర వస్తుంది, అంటే 30 లోపే. పెద్దవాళ్లూ, సన్నగా ఉన్నవాళ్లూ ఇలా జారిపోతారు.

ఎనీమా ప్యాకెట్ గురించి: షాపుల్లో దొరికే రెడీమేడ్ 100 మి.లీ. ఎనీమాల్లో చాలావరకు సోడియం ఫాస్ఫేట్. అదీ వద్దు. పేగులోంచి ఫాస్ఫేట్ రక్తంలోకి ఎక్కుతుంది, క్యాల్షియం పడిపోతుంది, చేతులు కొంకర్లు పోతాయి, గుండె లయ తప్పుతుంది. కిడ్నీ కొంత మిగిలి ఉన్నవాళ్లలో క్యాల్షియం ఫాస్ఫేట్ కిడ్నీ లోపలి సన్న గొట్టాల్లో గడ్డకట్టి ఆ మిగిలిన కిడ్నీ కూడా పోతుంది. కొలనోస్కోపీకి ముందు తాగించే సోడియం ఫాస్ఫేట్ ద్రావణం మీద అమెరికా ఎఫ్‌డీఏ 2008 డిసెంబరులో గట్టి హెచ్చరిక ఇచ్చింది ఇందుకే. 2014 జనవరిలో ఇంట్లో వాడే ఫాస్ఫేట్ మందులకి, ఎనీమాలకి కూడా 24 గంటల్లో ఒకటికి మించొద్దని చెప్పింది. అది అందరికీ చెప్పిన హద్దు. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకైతే ఆ ఒక్కటి కూడా డాక్టరు చెప్పకుండా వద్దు.

---

ఫిస్టులాబ్యాండ్ (డయాలసిస్ నర్సు)

వడపోత సార్ చెప్పినదానికి డయాలసిస్ వైపు నుంచి కొంత కలుపుతాను.

వీళ్లకి మలబద్ధకం ఎందుకొస్తుందో చీటీలోనే ఉంటుంది. నీళ్లు తగ్గించమన్నాం, పొటాషియం భయంతో పళ్లూ ఆకుకూరలూ ఆపమన్నాం. పైన ఫాస్ఫరస్ తగ్గించే బైండరు (క్యాల్షియం ఎసిటేట్ గానీ సెవెలమర్ గానీ) పేగుని బిగిస్తుంది. ఐరన్ మాత్ర బిగిస్తుంది. నొప్పికిచ్చే ట్రమడాల్ బిగిస్తుంది. 15 గ్రాముల పాలీస్టైరీన్ పొడి అన్నింటికంటే ఎక్కువ బిగిస్తుంది. షుగరు పాతదైతే పేగు నరాలే నెమ్మదిస్తాయి. డయాలసిస్ కుర్చీలో నాలుగు గంటలు మధ్యలో లేవలేక వచ్చిన మోషన్‌ని ఆపుకోవడం కూడా అలవాటుగా మారుతుంది.

కాబట్టి మోషన్ మందు ఇచ్చే ముందు చీటీ తిరగేయండి. ఐరన్ మాత్రతో బాగా ఇబ్బంది అంటే డయాలసిస్‌లోనే సిరలో ఐరన్ ఇచ్చే వీలుంది, యూనిట్‌లో అడగమనండి. మన అంతట మనం బైండరు గానీ పాలీస్టైరీన్ పొడి గానీ ఆపించకూడదు. కానీ పాలీస్టైరీన్ పొడి వాడుతూ మోషన్ అవ్వట్లేదంటే ఆ రోజే డాక్టరుకి ఫోన్ చేయించాలి. ఆ పొడి గట్టిపడ్డ మలంలో ఇరుక్కుని పేగు గోడని గాయపరచగలదు. దానితో సార్బిటాల్ (మోషన్ కోసం ఇచ్చే తియ్యటి మందు) కలిపి ఇవ్వడం అసలు వద్దు, పేగు కుళ్లిపోయిన కేసులు ఆ జోడీతో నమోదై ఉన్నాయి. ఆ పొడికీ మిగతా మాత్రలకీ మధ్య 3 గంటల ఎడం ఉండాలన్నది కూడా చెప్పండి, అది పక్కనున్న మందునీ పట్టేస్తుంది.

వేళ కూడా ముఖ్యం. పేగుని కదిలించే బిసాకోడిల్ మాత్ర రాత్రి వేస్తే 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది. పొద్దున 7 గంటల షిఫ్టు డయాలసిస్ ఉన్నవాడికి ముందు రాత్రి వేస్తే సూదులు పెట్టాక కడుపు మెలిపెడుతుంది, మధ్యలో మిషన్ ఆపాల్సి వస్తుంది, బీపీ పడుతుంది. డయాలసిస్ అయిన రోజు రాత్రి వేసుకోమనండి, మర్నాడు ఖాళీ రోజు కదా. వేలితో తీయాల్సి వచ్చినా, ఎనీమా పెట్టాల్సి వచ్చినా డయాలసిస్ అయిన వెంటనే వద్దు, హెపారిన్ (డయాలసిస్‌లో రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) ప్రభావం ఉండగా రక్తం పడితే ఆగడం కష్టం.

సోమ, బుధ, శుక్రవారాల షిఫ్టు వాళ్లకి శని, ఆది రెండు రోజుల ఎడం వస్తుంది. పొటాషియం ఎక్కువ పెరిగేది అప్పుడే. శనివారం నాడు "మూడు రోజులైంది" అని వస్తే సోమవారం దాకా చూద్దాం అనకండి.

---

మందులచీటీ

ఇద్దరికీ కృతజ్ఞతలు. లేబుళ్లు తీసి చూస్తున్నాను. క్రెమాఫిన్ సరే, లిక్విడ్ పారఫిన్ ప్లస్ మిల్క్ ఆఫ్ మెగ్నీషియా. గ్యాస్ సిరప్‌లు కూడా చూస్తే చాలావాటిలో మెగ్నీషియం హైడ్రాక్సైడ్ ఉంది. అవైతే వీళ్లు రోజూ తాగుతున్నారు. ఇప్పుడు ఏది ఇవ్వాలో మోతాదుతో చెప్పండి. ఇసబ్‌గోల్ సంగతి, ఆయుర్వేద మందుల సంగతి కూడా.

---

మాత్రామోతాదు (క్లినికల్ ఫార్మసీ)

గ్యాస్ సిరప్ మీ కంట పడడం చాలా మంచిదైంది. మెగ్నీషియం అలా మోషన్ మందు పేరు లేకుండా కూడా వస్తుంది. పైగా ఆ సిరప్‌లలో అల్యూమినియం కూడా ఉంటుంది, అదీ కిడ్నీ వాళ్లలో పేరుకుంటుంది, అది మలాన్ని బిగిస్తుంది కూడా.

పేర్ల తికమక ఒకటి చెప్పాలి. క్రెమాఫిన్, క్రెమాఫిన్ ప్లస్, క్రెమలాక్స్ వినడానికి అన్నదమ్ముల్లా ఉంటాయి. మొదటి రెండింట్లో మిల్క్ ఆఫ్ మెగ్నీషియా ఉంది. క్రెమలాక్స్ మాత్ర ఉత్త సోడియం పికోసల్ఫేట్, అది కిడ్నీ వాళ్లకి ఇవ్వొచ్చు. ఫోన్‌లో "ఆ క్రెమా ఏదో" అని చెప్పించుకుని తెచ్చుకునేవాళ్లు ఉంటారు. కాబట్టి బ్రాండుని కాదు, లోపలి మందుని చదివే అలవాటు చేసుకోండి. ఫార్ములాలు మారుతుంటాయి, పాత సీసా జ్ఞాపకం మీద ఇవ్వొద్దు.

ఏది ఇవ్వాలి అంటే నా మొదటి ఎంపిక లాక్టులోజ్. 15 మి.లీ.లో 10 గ్రాములు ఉండే ద్రావణం. రాత్రి 15 మి.లీ.తో మొదలుపెట్టి, రెండు రోజుల్లో ఫలితం లేకపోతే 30 మి.లీ., లేదా పొద్దున 15, రాత్రి 15. ఇది ఒంటికి దాదాపు పట్టదు, పెద్దపేగులో బాక్టీరియా దాన్ని విడగొడితే నీరు లోపలికి లాగి మలం మెత్తబడుతుంది. అందుకే 24 నుంచి 48 గంటలు పడుతుంది. ఈ మాట కౌంటరు దగ్గరే చెప్పకపోతే మర్నాడు పొద్దున్నే "నీ మందు పనిచేయలేదు" అని వస్తారు, లేదా ఇంట్లో ఉన్న పాత క్రెమాఫిన్ కలిపి తాగేస్తారు. మొదటి వారం గ్యాసు, ఉబ్బరం ఉంటుంది, తక్కువతో మొదలుపెడితే సర్దుకుంటుంది. తియ్యగా ఉందని షుగరు వాళ్లు భయపడతారు. 15 మి.లీ.లో గాలాక్టోజ్ 1.6 గ్రాముల లోపు, లాక్టోజ్ 1.2 గ్రాముల లోపు ఉంటాయి, ఈ మోతాదుల్లో షుగరు మీద పెద్ద ప్రభావం ఉండదు. నీళ్ల కట్టడి ఉన్నవాళ్లకి ఇందులో ఇంకో సుఖం ఏంటంటే దీంతో గ్లాసుడు నీళ్లు తాగి తీరాలన్న పట్టు లేదు.

రెండోది పాలీఇథిలీన్ గ్లైకాల్ 3350 పొడి, 17 గ్రాములు 120 నుంచి 240 మి.లీ. నీళ్లలో, రోజుకి ఒకసారి. లీటరు లెక్క ఉన్నవాళ్లు 120 మి.లీ.లో కలుపుకుని, ఆ 120ని లీటరులోంచి తీసేయాలి. గ్యాసు లాక్టులోజ్ కంటే తక్కువ. కొన్ని పొట్లాల్లో ఉప్పులూ, కొద్దిగా పొటాషియం క్లోరైడూ కలిపి ఉంటాయి, రోజువారీ వాడకానికి ఉప్పులు లేనిది చూసి ఇవ్వండి.

ఇవి రెండూ మెత్తబరిచేవి. పేగుని కదిలించేది కావాలంటే బిసాకోడిల్ 5 మి.గ్రా., రాత్రి ఒకటి, చాలకపోతే రెండు. మాత్ర నమలకూడదు, చిదపకూడదు. పాలతో గానీ, గ్యాస్ మందుతో గానీ కలిపి వేసుకోకూడదు, గంట ఎడం ఉండాలి. పై పూత పొట్టలోనే కరిగిపోతే కడుపులో మంట, మెలి. లేదా సోడియం పికోసల్ఫేట్ 5 నుంచి 10 మి.గ్రా. ఇవి వారానికి రెండు మూడుసార్లు, లాక్టులోజ్‌కి తోడుగా. రోజూ ఇవే కావాల్సి వస్తుందంటే డాక్టరు చూడాల్సిన కేసు.

మలద్వారం దగ్గరే గట్టిగా అడ్డం పడిందంటే పైనుంచి ఎంత తాగినా కడుపు నొప్పే మిగులుతుంది. గ్లిజరిన్ సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) గానీ, బిసాకోడిల్ 10 మి.గ్రా. సపోజిటరీ గానీ పెట్టించండి, 15 నిమిషాల నుంచి గంటలోపు పని అవుతుంది. కిడ్నీకి భయం లేదు.

మెత్తబరిచే మందు అనగానే డాక్యుసేట్ అంటారు, 100 మి.గ్రా. కిడ్నీకి హాని చేయదు, కానీ గట్టిపడ్డాక దానివల్ల ఒరిగేదీ పెద్దగా లేదు. దాన్ని లిక్విడ్ పారఫిన్‌తో మాత్రం కలపకండి, పారఫిన్‌ని ఒంట్లోకి ఎక్కిస్తుంది. పారఫిన్ ఒంటరిగా కూడా మంచంలో ఉన్న పెద్దవాళ్లకి వద్దు, పొలమారితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

ఇసబ్‌గోల్: అది జిగురు పీచు, దాని పని అంతా నీళ్ల మీదే. ఒక చెంచాకి 150 నుంచి 240 మి.లీ. వెంటనే తాగాలి, పైన ఇంకో గ్లాసు తాగితే మేలు. లీటరు కట్టడి ఉన్న మనిషి ఆ నీళ్లు తాగలేడు, తాగకుండా వేసుకుంటే అది పేగులో ముద్దకట్టి అడ్డం పడుతుంది. కాబట్టి డయాలసిస్ మీద ఉండి మూత్రం రానివాళ్లకి వద్దు. అదే ఈజీఎఫ్‌ఆర్ 45 ఉండి, కాళ్ల వాపు లేక, నీళ్ల కట్టడి లేని మనిషికి ఇసబ్‌గోల్ హాయిగా ఇవ్వొచ్చు. కిడ్నీ జబ్బు అనగానే అందరికీ ఒకటే రూలు పెట్టకూడదు. పొంగే రకం నిమ్మ, ఆరెంజి రుచి పొట్లాలైతే సోడియం, పొటాషియం ఎంతుందో లేబుల్ మీద చూడండి.

బేది ఉప్పు అంటే మెగ్నీషియం సల్ఫేట్. ఊళ్లో అది "ఉప్పే కదా" అన్నట్టు అడుగుతారు. వద్దు, పొట్లం కట్టకండి.

సునాముఖి విషయంలో నా అభిప్రాయం: సెన్నోసైడ్ మాత్రగా, తెలిసిన మోతాదులో, నాలుగైదు రోజులకి అభ్యంతరం లేదు. ఆకు కషాయంలో ఎంత మందు దిగిందో ఎవరూ చెప్పలేరు. ఒక రోజు ఏమీ అవ్వదు, ఇంకో రోజు పది సార్లు అవుతుంది. చూర్ణాల్లో సునాముఖితో పాటు నల్లుప్పు, సర్జిక్షారం ఉన్నవి ఉంటాయి, బీపీ, వాపు ఉన్నవాళ్లకి ఆ సోడియం మంచిది కాదు. ఇచ్ఛాభేది రసం మాత్రం పేరు చెప్పి మరీ వద్దంటున్నాను: అందులో పాదరసం, గంధకం, నేపాళం గింజలు ఉంటాయి. కిడ్నీ పోయిన మనిషికి పాదరసమా! ఆముదం పట్టించి పేగు కడగడం కూడా అంతే, ఒక్కసారిగా నీళ్లు పోయి బీపీ పడిపోతే మిగిలిన కిడ్నీ దెబ్బతింటుంది.

---

వడపోత

చివర చెప్పిన దాన్ని కొంచెం సాగదీస్తాను, ఇది ఎవరూ చెప్పని వైపు. మందు ఎక్కువ పనిచేసినా ప్రమాదమే. టెల్మిసార్టాన్, ఫ్యూరోసెమైడ్, డాపాగ్లిఫ్లోజిన్, మెట్‌ఫార్మిన్ లాంటి బీపీ, వాపు, షుగరు మందులు వాడుతున్న స్టేజ్ 3, 4 పేషెంటుకి రోజుకి ఐదారు నీళ్ల విరేచనాలైతే ఒంట్లో నీరు పోతుంది, బీపీ తగ్గుతుంది, రెండు రోజుల్లో క్రియాటినిన్ 2.5 నుంచి 4కి ఎక్కడం వింతేమీ కాదు. రోజుకి మూడుకి మించి పల్చగా అయితే మోషన్ మందు ఆపేయాలి. ఆగకపోతే పైన చెప్పిన మాత్రలు తాత్కాలికంగా ఆపాలో లేదో డాక్టరుని అదే రోజు అడగాలి. ఓఆర్‌ఎస్‌లో కూడా పొటాషియం ఉంటుంది, డయాలసిస్ వాళ్లు అడక్కుండా లీటర్లు తాగకూడదు.

ఇంకో మోసం: నాలుగు రోజులు గట్టిగా బిగిసి, ఐదో రోజు కొంచెం కొంచెం నీళ్లలా కారుతుంది. ఇంట్లోవాళ్లు విరేచనాలు అనుకుని లోపెరమైడ్ అడుగుతారు. గట్టి ముద్ద చుట్టూ జారే నీరు అది. "దానికి ముందు ఎన్ని రోజులు అవ్వలేదు?" అని అడగకుండా విరేచనాల మాత్ర ఇవ్వకండి.

ఇవన్నీ పనిచేయని మొండి మలబద్ధకానికి డాక్టర్లు రాసేవి ఉన్నాయి. లూబిప్రోస్టోన్‌కి కిడ్నీ కోసం మోతాదు తగ్గించక్కర్లేదు. ప్రుకలోప్రైడ్ మామూలుగా 2 మి.గ్రా., క్రియాటినిన్ క్లియరెన్స్ (పైన కాక్‌క్రాఫ్ట్-గాల్ట్ లెక్కలో వచ్చిన అంకె) 30 లోపు ఉంటే 1 మి.గ్రా., డయాలసిస్ వాళ్లకి వాడరు. చీటీలో 2 అని రాసి ఉండి మనిషి డయాలసిస్ మీద ఉంటే రాసిన డాక్టరుకి ఒక ఫోన్ చేయండి.

---

బీరపొట్టు (రీనల్ డైటీషియన్)

తిండి వైపు కొంచెం. "మలబద్ధకమా, జామకాయ తిను, అరటిపండు తిను, కొబ్బరినీళ్లు తాగు, ఎండుద్రాక్ష నానబెట్టుకుని తిను" అన్నది మన ఇళ్లలో మొదటి సలహా. పొటాషియం ఎక్కువున్నవాళ్లకి ఈ నాలుగూ తప్పే. 100 గ్రాముల జామలో 400 మి.గ్రా. పైన, అరటిలో 350 పైన, ఎండుద్రాక్షలో 700 పైన పొటాషియం. 200 మి.లీ. కొబ్బరినీళ్లు తాగితే దాదాపు 500 మి.గ్రా., పైగా అది నీళ్ల లెక్కలోకి కూడా వస్తుంది.

అదే ఆపిల్, బేరిపండు, అనాస 100 గ్రాములకి 110 మి.గ్రా. అటూ ఇటూ. రోజుకి వీటిలో ఒకటి, ఆపిల్, బేరి అయితే తొక్కతో. బొప్పాయి 180 దగ్గర, నాలుగు చిన్న ముక్కలకి మించకుండా అప్పుడప్పుడు. కూరల్లో బీర, సొర, పొట్ల, దొండ, క్యాబేజి. సన్నగా తరిగి, గోరువెచ్చని నీళ్లలో రెండు గంటలు నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మళ్లీ ఎక్కువ నీళ్లలో ఉడికించి వార్చితే పొటాషియం చాలావరకు దిగిపోతుంది, పీచు మిగులుతుంది. వార్చిన నీళ్లు చారులో పోయకండి, ఆ అలవాటు చాలా ఇళ్లలో ఉంది. బీరపొట్టు పచ్చడి చేసినా పొట్టుని ఇలాగే ఉడికించి వార్చాకే చేయాలి, ఉప్పు తగ్గించి.

భోజనం అయిన 20, 30 నిమిషాలకి పేగు సహజంగా కదులుతుంది. పొద్దున టిఫిన్ అయ్యాక, వచ్చినా రాకపోయినా పది నిమిషాలు కూర్చోమనండి. వెస్టర్న్ కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట. ఖర్చు లేనిది, మందుకి తోడు పనిచేస్తుంది.

---

ఎడిసన్_ఎన్‌జే (ఫార్మసిస్టు, అమెరికా)

ఇక్కడికి పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రుల కోసం ఈ నాలుగు మాటలు. ఇక్కడ మందు సూపర్‌మార్కెట్ అరలోంచి తీసుకుని వచ్చేస్తారు, అడిగే ఫార్మసిస్టు ఎదురుగా ఉండడు. ఒకే బ్రాండు పేరు మీద పూర్తిగా వేరే మందులు ఉంటాయి. డల్కోలాక్స్ మాత్ర అంటే బిసాకోడిల్, పర్లేదు. అదే డల్కోలాక్స్ పేరుతో వచ్చే సాఫ్ట్ చ్యూలు, లిక్విడ్ మెగ్నీషియం హైడ్రాక్సైడ్! ఫ్లీట్ పేరుతో గ్లిజరిన్ సపోజిటరీ ఉంది, సోడియం ఫాస్ఫేట్ ఎనీమా కూడా ఉంది. ఆ పెద్దవాళ్ల ఎనీమా ఒక్కదానిలో 4.4 గ్రాముల సోడియం. ఫిలిప్స్ అంటే మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, కానీ ఆ పేరు మీదే డాక్యుసేట్ గుళికలూ ఉన్నాయి. మిరాలాక్స్ ఉత్త పాలీఇథిలీన్ గ్లైకాల్, మూతలో గీత దాకా పోస్తే 17 గ్రాములు. మెగ్నీషియం సిట్రేట్ సీసా ముట్టుకోవద్దు. లాక్టులోజ్‌కి ఇక్కడ డాక్టరు చీటీ కావాలి, కాబట్టి అమ్మానాన్నలు వచ్చేటప్పుడు ఇండియా నుంచి చీటీతో సహా తెచ్చుకోవడం మేలు.

డబ్బా వెనక "డ్రగ్ ఫ్యాక్ట్స్" పెట్టెలో మొదటి వరస, యాక్టివ్ ఇంగ్రీడియెంట్, చూడమని చెప్పండి. మెగ్నీషియం అనో ఫాస్ఫేట్ అనో కనిపిస్తే తిరిగి అరలో పెట్టేయాలి.

---

నాలుగుబ్యాగులు (సీఏపీడీ నర్సు)

పొట్ట డయాలసిస్ (సీఏపీడీ: క్యాథెటర్ గొట్టంతో పొట్టలోకి ద్రావణం పోసి, తర్వాత బయటికి తీసే పద్ధతి) వాళ్లని మర్చిపోయారు. వీళ్లకి మలబద్ధకం అంటే నేరుగా డయాలసిస్ ఆగడమే. నిండిన పేగు క్యాథెటర్‌ని నొక్కుతుంది, లేదా పక్కకి తోసేస్తుంది. ద్రావణం లోపలికి పోతుంది, బయటికి రాదు. 2 లీటర్లు పోస్తే 1,200 వచ్చి ఆగిపోతుంది. క్యాథెటర్ పాడైందని కంగారుపడే ముందు మోషన్ ఎప్పుడైందో అడగాలి, చాలాసార్లు పొట్ట ఖాళీ అయితే డ్రెయిన్ దానంతటదే తిరిగొస్తుంది. పేగులో బాక్టీరియా గోడ దాటి పొట్టలోకి వస్తే పెరిటోనైటిస్ (పొట్ట లోపలి పొరకి ఇన్ఫెక్షన్) వచ్చే ప్రమాదం కూడా ఉంది. అందుకే లాక్టులోజ్‌ని ఇబ్బంది వచ్చినప్పుడు కాదు, రోజూ వాడిస్తాం, రోజుకి ఒకటి రెండు మెత్తటి మోషన్లు అయ్యేలా. మబ్బుగా ఉన్న ద్రావణం, కడుపు నొప్పి ఉంటే మాత్రం మోషన్ మందు కాదు, వెంటనే యూనిట్‌కి.

ట్రాన్స్‌ప్లాంట్ వాళ్లు మీ షాపుకి వస్తే: మైకోఫెనోలేట్, టాక్రోలిమస్ కొత్త కిడ్నీని ఒళ్లు తిప్పికొట్టకుండా వాడే మందులు. మైకోఫెనోలేట్‌తో మెగ్నీషియం, అల్యూమినియం ఉన్న గ్యాస్ మందు కలిస్తే మైకోఫెనోలేట్ సరిగా ఒంటికి పట్టదు. విరేచనాలు ఎక్కువైతే టాక్రోలిమస్ రక్తంలో పెరుగుతుంది. కాబట్టి వాళ్లకి బేదులయ్యేంత మోతాదు ఎప్పుడూ వద్దు.

---

మందులచీటీ

చాలా ఉపయోగపడింది. కౌంటరు దగ్గర నేను అడగదలచుకున్నవి ఇవి: ఎన్ని రోజులైంది, గ్యాసు పోతోందా, వాంతులున్నాయా, డయాలసిస్ ఉందా ఉంటే ఏ రోజుల్లో, నీళ్లు ఎంత తాగమన్నారు. వాంతులు, ఉబ్బరం ఉండి గ్యాసు పోకపోతే మందు ఇవ్వకుండా ఆసుపత్రికి పంపుతాను. లేకపోతే లాక్టులోజ్ 15 మి.లీ. రాత్రి, మూడో రోజుకి కాకపోతే బిసాకోడిల్ 5. సరేనా?

---

మాత్రామోతాదు

సరే. రెండు చేర్చండి. మలంలో రక్తం గానీ, నల్లగా తారులా ఉందా అని గానీ అడగండి. ఐరన్ మాత్ర వల్ల కూడా నల్లబడుతుంది, కానీ అది జిగటగా, దుర్వాసనతో ఉండదు. అనుమానంగా ఉంటే డాక్టరు చూడాలి. రెండోది, "ఇంట్లో ఇప్పటికే ఏం తాగారు?" అన్నది. నిన్న రాత్రి మూడు మూతలు క్రెమాఫిన్ తాగి ఫలితం లేక మీ దగ్గరికి వచ్చిన మనిషికి లాక్టులోజ్ ఇచ్చి పంపడం కాదు, మత్తు, నీరసం ఉన్నాయేమో చూసి మెగ్నీషియం పరీక్షకి పంపాలి. అప్పటికే నాలుగు రోజులైన వాళ్లకి, పైన చెప్పిన ప్రమాద లక్షణాలు లేకపోతే, మూడో రోజు దాకా ఆగక్కర్లేదు, మొదటి రాత్రే లాక్టులోజ్‌తో పాటు ఒక గ్లిజరిన్ సపోజిటరీ ఇవ్వండి.

లాక్టులోజ్ సీసాతో వచ్చే మూత మీద గీతలు చూపించి 15 దగ్గర పెన్నుతో గుర్తు పెట్టి ఇవ్వండి. "ఒక మూత" అంటే ఒక్కో సీసాకి ఒక్కో కొలత.

---

మందులచీటీ

గుర్తు పెడతాను. ఎనీమా ప్యాకెట్లు వెనక అరలోకి మార్చేశాను, చీటీ లేకుండా ఇవ్వను. సపోజిటరీలు స్టాకు లేవు, రేపు ఆర్డరు పెడుతున్నాను. ఎండలకి కరిగిపోతాయేమో, ఫ్రిజ్‌లో పెట్టాలా?

---

ఫిస్టులాబ్యాండ్

గ్లిజరిన్‌వి 25 డిగ్రీల లోపు చల్లటి చోట, గట్టిగా మూసిన డబ్బాలో. మే నెలలో మన వైపు షాపు వేడికి మెత్తబడతాయి, ఫ్రిజ్ కింది అరలో పెట్టండి, ఫ్రీజర్‌లో వద్దు. ఇచ్చేటప్పుడు రేకు తీసి, కొసని నీళ్లతో తడిపి, ఎడమవైపు పడుకోబెట్టి పెట్టమనండి. పెట్టాక 15 నిమిషాలు ఆపుకోవాలి. ఇంట్లోవాళ్లు రేకు తీయకుండా పెట్టిన సందర్భాలు ఉంటాయి, కాబట్టి ఆ మాట తప్పకుండా చెప్పండి.